బయటపడు

ఫిబ్రవరి 3, సోమవారం

కొత్త మాటల కట్ట పంపాడు అభిజిత్. ఈసారి అన్నీ దాచినదాన్ని బయటికి లాగే మాటలే. రివీల్, డిస్‌క్లోజ్, డైవల్జ్, ఎక్స్‌పోజ్, అన్‌వీల్, లీక్, గివ్ అవే, ఇంకా బోలెడు. ఇంగ్లిష్ వాళ్ళకి దాచుకోవడం చేతకాదా, లేక పక్కవాడు దాచుకుంటే చూడలేరా అని కాసేపు ఆలోచించాను.

ఇంగ్లిష్ నేర్పే యాప్‌లో నా పని ఇదే, చాలావరకు ఇంటి నుంచే. మాటకొక కార్డు. కార్డు మీద తెలుగు అర్థం, కింద ఒక ఉదాహరణ. రాసేది నేను, చూసేది మా టీమ్ లీడ్ అభిజిత్. అతనికి అన్నీ సింపుల్‌గా ఉండాలి. "అన్నిటికీ 'బయటపెట్టు' అని పెట్టేయండి మార్తా గారూ, యూజర్స్ అంత డీప్‌గా ఎవరు చూస్తారు?" అని చాట్‌లో రాశాడు. చాట్ అంటే నాకిష్టం. చాట్‌లో మనిషి ఎంత మెల్లగా మాట్లాడినా కనపడుతుంది.

ఈ పుస్తకం కొన్నది ఎందుకో ఇక్కడైనా రాయాలి. నాకు వినపడటం తగ్గిపోతోంది. రెండు చెవులూ. నరాల లోపం, పెరుగుతుందే గాని తగ్గదు, మిషన్లు పెట్టుకో అంది డాక్టరు. కొన్నాను కూడా. పెట్టెతో సహా బియ్యం డబ్బాలో ఉన్నాయి. చెమ్మ తగలకూడదన్నారు, బియ్యంలో అయితే తగలదు. అంతకంటే వేరే కారణం లేదు.

జలుబు వల్ల కూడా కావచ్చు. బెంగళూరులో ఈ వర్తూరు గాలికి ఎవరి చెవులు బాగుంటాయి.

ఫిబ్రవరి 5

రివీల్: వెల్లడించు. డిస్‌క్లోజ్: తెలియజేయు, అదీ ఆఫీసు పద్ధతిలో, సంతకంతో. డైవల్జ్: చెప్పకూడనిది చెప్పేయడం. అన్‌వీల్ అంటే ఆవిష్కరణ, దానికి రిబ్బనూ కత్తెరా ఎమ్మెల్యే గారూ ఉండాలి. లీక్‌కి 'పొక్కు' అని రాశాను.

"పొక్కు అంటే బొబ్బ కదండీ?" అన్నాడు అభిజిత్.

బొబ్బే. లోపల నీరు పట్టి పైకి లేచేదే. ఎంత కప్పినా చెప్పు రాసుకుంటూనే ఉంటుంది. ఇదంతా అతనికి రాయలేదు. 'రెండూ కరెక్టే' అని పెట్టాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చికి పోలేదు. పోయి ఏం చేయను? మైకు మోగుతుంది, మాట తెలియదు. అందరూ లేచినప్పుడు లేవాలి, కూర్చున్నప్పుడు కూర్చోవాలి. పోయినసారి అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను మాత్రం కళ్ళు తెరిచి చుట్టూ చూస్తున్నాను, ఆమెన్ ఎప్పుడంటారో తెలియక. పాస్టరుగారు చూశారు.

మధ్యాహ్నం మెట్ల మీద సావిత్రమ్మ గారు పట్టుకుంది. కింద ఇల్లు ఆమెది, పై గది నాది. పుట్టిందీ పెరిగిందీ పాత బెంగళూరు కాటన్‌పేటలో. వర్తూరు ఇంకా పల్లెగా ఉన్నప్పుడే ఇక్కడ స్థలం కొన్నారట.

"ఏమ్మా మార్తా, కిందనించి ఎంతసేపు అరిచేది? నీళ్ళ ట్యాంకర్ వచ్చుండాది, సంపు మూత తీయాల, స్వల్ప చెయ్యి పట్టమ్మా అంటే పలకవే. చెవిటోని ముందర శంఖం ఊదినట్ల అయిపోయ నా కథ."

ఆ సామెతలో మిగతా సగం కూడా నాకు తెలుసు. శంఖం ఊదితే చెవిటివాడు 'ఏమిటి కొరుకుతున్నావు?' అని అడిగాడట. ఊరంతా నవ్వుకోవడానికి కట్టిన సామెత. నేను చెవుల్లోంచి ఇయర్‌బడ్స్ తీసి చూపించాను. పాటలు వింటున్నాను ఆంటీ, సారీ అన్నాను.

"ఎప్పుడు చూసినా అవే పెట్టుకోనుంటావు. చెవులు పాడైపోతాయప్పా" అంది.

అందులో పాటలు లేవు, ఛార్జింగ్ కూడా లేదు. బెంగళూరులో ఇదొక సుఖం. చెవిలో ఏదైనా ఉంటే చాలు, పలకకపోయినా పొగరు అనుకుంటారు గాని ఇంకేమీ అనుకోరు. పొగరు అనిపించుకోవడం నాకు నచ్చింది.

ఫిబ్రవరి 12

అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. 'మీటింగ్‌లో ఉన్నానమ్మా' అని మెసేజ్ పెట్టాను. అమ్మ గొంతు సన్నం, ఫోన్లో అసలే అందదు. నేను ఎత్తకపోతే వాయిస్ మెసేజ్ పంపుతుంది. అమ్మకి రాయడం రాక కాదు, చీరాలలో ఆడపిల్లల హాస్టల్‌కి మేట్రన్, రోజంతా రాస్తూనే ఉంటుంది. ఫోన్లో ఒత్తులు దొరకవట.

వాయిస్ మెసేజ్‌లు నాకు గిన్నెలో గరిటె తిప్పినట్టు వినపడతాయి. మాటని రాతగా మార్చేది ఒకటి ఉందని పెట్టి చూశాను. దానికి ఆఫీసు ఇంగ్లిష్ వచ్చు గాని మా అమ్మ తెలుగు రాదు. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. మెసేజ్ పొట్టిగా ఉంటే 'తిన్నానమ్మా'. పొడుగ్గా ఉంటే 'సరే అమ్మా'. చివర గొంతు లేచినట్టుంటే 'అలాగే, ప్రార్థన చేస్తాను'. ఇంతవరకు తప్పు పోలేదు.

ఇవాళ్టి దాంట్లో సలోమి అత్త గొంతు ఉంది. గట్టిగా ఉంది కాబట్టి అత్త అని తెలిసింది. మోత తప్ప మాట తెలియలేదు. 'సరే అత్తా' అని పెట్టాను.

అత్త మా నాన్న చెల్లెలు. నాన్న పోయినప్పటి నుంచీ అమ్మతోనే ఉంటుంది, హాస్టల్ పిల్లలకి యూనిఫాంలు కుడుతుంది. చిన్నప్పుడే జ్వరం వచ్చి చెవులు పోయాయి. ఊళ్ళో ఆమెని సలోమి అంటే ఎవరికీ తెలియదు, చెవిటి సలోమి అనాలి. ఇంట్లో ఎవరికి పెళ్ళి కుదిరినా, ఎవరు ఎవరితో కొట్లాడినా, అత్తకి తెలిసేది ఆఖరున. అందరం నవ్వుతుంటే "ఏందంట, ఏందంట?" అని అడిగేది. "ఏం లేదులే అత్తా" అనేవాళ్ళం. "సరే" అని మళ్ళీ మిషన్ తొక్కుకునేది.

నాతో ఎవరూ 'ఏం లేదులే' అనకూడదు. నాకు కావలసింది అంతే. దాని కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడతాను.

ఫిబ్రవరి 18

కార్డులు చదివే గొంతు ఇప్పుడు మనిషిది కాదు, కంప్యూటర్‌ది. అది తెలుగు సరిగ్గా చదువుతోందో లేదో విని టిక్కు పెట్టే పని కూడా అభిజిత్ నాకే ఇచ్చాడు. తెలుగు టీమ్‌లో నమ్మకమైన మనిషిని నేనేనట.

అన్నిటికీ టిక్కు పెట్టాను. కంప్యూటర్ తప్పు చదవదు కదా.

ఫిబ్రవరి 25

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. పాపం దాని బాధ ఎవరికి తెలుసు. కళ్ళు తెరిస్తే పాలు దిగవేమో.

మార్చి 3

అభిజిత్‌తో గొడవ. 'ఎక్స్‌పోజ్ అవ్వడం' కార్డుకి 'బయటపడు' అని రాసి, కింద ఆ మాటకి రెండర్థాలని ఒక నోట్ పెట్టాను. దొంగతనం బయటపడుతుంది. బావిలో పడ్డవాడూ బయటపడతాడు. జబ్బు నుంచి మనిషి బయటపడితే చర్చిలో లేచి సాక్ష్యం చెబుతాడు. గుట్టు బయటపడితే అదే మనిషి తల దించుకుని వెనక బెంచీలో కూర్చుంటాడు. మాట మాత్రం ఒకటే.

"యూజర్ కన్‌ఫ్యూజ్ అవుతాడండీ. ఒకటి తీసేయండి" అన్నాడు.

ఏది తీయమంటాడు? ఆ కార్డు పక్కన పెట్టాను. 'గివ్ అవే' కూడా పక్కన పెట్టాను. మనల్ని మనమే పట్టిచ్చేయడం అన్నమాట. మనకి గుమ్మడికాయల దొంగ ఉన్నాడు గాని, కార్డు మీద భుజాలు తడుముకోవడం ఎక్కడ పడుతుంది.

మార్చి 6

పొద్దున్నుంచి అమ్మ ఒకటే ఫోన్లు. అదే టైమ్‌కి అభిజిత్ మీటింగ్ పెట్టాడు. తెర మీద వచ్చే అక్షరాలు చదువుకుంటూ మీటింగ్‌ల్లో నెట్టుకొస్తున్నాను, పక్కన ఫోన్ మెరుస్తుంటే ఆ అక్షరాలు కూడా తప్పిపోయాయి. విసుగొచ్చి కట్ చేశాను. తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది.

పొట్టిగానూ లేదు, పొడుగ్గానూ లేదు. మధ్యమధ్య ఆగుతోంది. హాస్టల్ పిల్ల ఒకతి నర్సింగ్ సీటుకి పరీక్ష రాసిందని పోయిన వారమే ఫోటో పంపింది, దానికి సీటు వచ్చినట్టుంది. ఎప్పుడొస్తావని కూడా అడిగే ఉంటుంది, అది అడగకుండా అమ్మ ఉండలేదు.

'చాలా సంతోషం అమ్మా. దేవునికి స్తోత్రం. నాకు పని ఉంది, ఇప్పుడు రాలేను. తర్వాత కలుద్దాం' అని పెట్టాను. మామూలుగా కంటే పెద్ద మెసేజ్. అమ్మ సంతోషిస్తుంది.

మార్చి 7

అమ్మ ఫోన్ చేయలేదు.

మార్చి 10

అమ్మ ఫోన్ చేయలేదు. హాయిగా ఉంది.

మార్చి 14

హాయిగానే ఉంది. ఇవాళ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని సాయంత్రం పాలవాడికి 'ఒక ప్యాకెట్' అన్నప్పుడు తెలిసింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది. గట్టిగా అన్నానేమో, పాలవాడు అదోలా చూశాడు. అత్త కూడా ఇట్లాగే గట్టిగా మాట్లాడుతుంది.

పప్పు మాడింది. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో.

అమ్మ అలిగినట్టుంది. అలగనీ. నేను మాత్రం తక్కువ పనిలో ఉన్నానా.

మార్చి 17

పట్టుబడ్డాను. లేదు, ఇంకా పట్టుబడలేదు.

ఎక్స్‌పోజ్ కార్డుకి ఫిబ్రవరిలోనే 'గుట్టు రట్టు చేయు' అని రాశాను. కంప్యూటర్ దాన్ని 'గుట్ట రట్టు చేయు' అని చదివిందట. గుట్ట అంటే కొండ. మా యాప్ వాడే ఎవరో తెనాలి కుర్రాడు దాన్ని రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టి, కొండని ఎలా రట్టు చేస్తారు సార్ అని రాశాడు. వెయ్యి మంది నవ్వారు. ఇంకా వెతికితే అట్లాంటివి చాలా దొరికాయి.

మీటింగ్‌లో అభిజిత్ మొహం ఎర్రగా ఉంది. "మార్తా గారూ, వీటన్నిటికీ మీ టిక్కు ఉంది. మీరు అసలు విన్నారా?"

"విన్నాను" అన్నాను.

"అయితే తెలిసి కూడా ఓకే చేశారా?"

దానికి ఏం చెప్పాలి? చెవిటిదాన్ని అనాలా, పని ఎగ్గొట్టాను అనాలా? పని ఎగ్గొట్టేదాన్ని అనిపించుకుందామని నిర్ణయించుకున్నాను. "హడావుడిలో చూసుకోలేదు, సారీ" అన్నాను. అతను ఇంకేదో అన్నాడు. అక్షరాలు అందుకోలేకపోయాను. తల ఊపాను. ఏ మాటకి ఊపానో తెలియదు.

మార్చి 19

చీరాల పాస్టరమ్మ గారు మెసేజ్ పెట్టారు. ఆమెకి ఒత్తులు దొరుకుతాయి.

'వందనాలు మార్తా. సలోమమ్మ గారి జ్ఞాపకార్థ కూడిక ఏప్రిల్ 5న. భూస్థాపనకి రాలేకపోయావు, దీనికైనా వస్తావని అమ్మగారు ఎదురు చూస్తున్నారు.'

మొదటిసారి చదివితే వేరే సలోమి అనుకున్నాను. మళ్ళీ చదివాను. భూస్థాపన అనే మాట మీద వేలు పెట్టి, ఏదో కార్డుకి అర్థం వెతుకుతున్నట్టు చూస్తూ కూర్చున్నాను. తర్వాత అమ్మ మెసేజ్‌ల దగ్గరికి పోయాను. మార్చి 6. అమ్మ గొంతు ఉన్న ఆ చిన్న గీత, దాని కింద నేను. చాలా సంతోషం అమ్మా. దేవునికి స్తోత్రం. నాకు పని ఉంది. తర్వాత కలుద్దాం.

బియ్యం డబ్బా బోర్లించాను. పెట్టె తీసి మిషన్లు పెట్టుకున్నాను. ఎడమది ఎంతకీ పట్టలేదు. పెట్టుకోగానే ముందు వినపడింది బియ్యం. కాలి కింద గింజలు నలుగుతున్నాయి. తర్వాత ఫ్యాను, కింద సావిత్రమ్మ గారి టీవీ, రోడ్డు. అన్నీ రేకు మీద గీసినట్టున్నాయి. ఇష్టంగా లేదు. అమ్మ మెసేజ్ నొక్కాను.

"మార్తా. అత్త పోయిందే తల్లీ. పొద్దున మిషన్ దగ్గర కూర్చున్నదే, అట్టనే తల వాల్చింది. నేను టీ తీసుకెళ్ళి పిలుస్తన్నా, పిలుస్తన్నా. ఎప్పుడు మాత్రం పలికింది గనకా అని భుజం తట్టా." ముక్కు చీదిన చప్పుడు. "నువ్వు రావే. నువ్వొచ్చిందాకా ఉంచుతామన్నారు పాస్టరుగారు. ఎప్పుడు బయల్దేరతన్నావో చెప్పు. పాపం, నువ్వంటే దానికి పాణం."

నా కోసం ఉంచుతామన్నారు. నేను తర్వాత కలుద్దాం అన్నాను.

ఏడ్చాను. మిషన్లు పెట్టుకుని ఏడిస్తే ఎంత గట్టిగా వినపడుతుందో తెలిసింది. అయినా తీయలేదు.

మార్చి 20

పొద్దున్నే అమ్మకి వీడియో కాల్ చేశాను. ఎత్తింది. హాస్టల్ వంటింట్లో ఉంది, వెనక పిల్లలు ప్లేట్లు పట్టుకుని తిరుగుతున్నారు. పలకరించలేదు.

ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. నెలన్నర నుంచి నేను చేస్తున్న పని ఇదే, దాచింది చెప్పే మాటలన్నీ నా దగ్గర అర్థాలతో సహా ఉన్నాయి. ఒక్కటి కూడా నోటికి రాలేదు.

"అమ్మా, నాకు వినపడదు" అన్నాను.

"ఫోన్ సరిగా పట్టుకో."

"ఫోన్ కాదమ్మా. చెవులు. రెండేళ్ళయింది."

అమ్మ గరిటె కింద పెట్టింది. పిల్లల్ని బయటికి పొమ్మంది. "మరి నేను పంపినయ్యన్నీ?"

"వినకుండానే జవాబులు రాశాను. అత్త సంగతి నిన్ననే తెలిసింది. ఎవరికో సీటు వచ్చిందనుకున్నానమ్మా."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనేం అనుకున్నానో తెలుసా? బెంగళూరు పోయి నా కూతురు మనిషి గాకుండా పోయిందనుకున్నా. ఆ మెసేజి ఎవరికీ చూపించలా. మార్త ఏదని అందరూ అడుగుతుంటే, రైలు దొరకలేదంట అని చెప్పా. శవం పక్కన కూర్చుని అబద్ధాలాడా నీకోసం." ఏడుస్తూనే నవ్వింది. "చెవులేనంటే పోయింది? చెవులేనా?"

"చెవులే అమ్మా."

"హమ్మయ్య తల్లీ. పోతే పోయినయిలే. ఇప్పటికన్నా బయటపడ్డావ్."

ఏ అర్థంలో అందో అడగలేదు. అమ్మకి అట్లాంటి తేడాలు ఉండవు.

ఫోన్ పెట్టేసే ముందు అంది. "అత్త ముందే చెప్పింది. నేనే నమ్మలా. చెవిటిదానికి లోకమంతా చెవిటిదే అని కసిరా. ఫిబ్రవరిలో పంపించిందిగా, దాని మాట నీ ఫోన్లోనే ఉండాలి. విను."

ఉంది. ఇవాళ వద్దు.

మార్చి 24

అభిజిత్‌కి చాట్‌లో రాశాను. 'ఒక విషయం డిస్‌క్లోజ్ చేయాలి' అని మొదలుపెట్టి తుడిచాను. 'వెల్లడించాలి' అని రాసి తుడిచాను, ప్రెస్ మీట్ పెట్టినట్టుంది. చివరికి, 'నాకు వినపడదు. ఆ ఆడియోలు వినకుండా టిక్కు పెట్టాను. విన్నానని అబద్ధం చెప్పాను' అని పంపాను.

ఏదో టైప్ చేస్తున్నట్టు చూపించింది, ఆగింది, మళ్ళీ చూపించింది. వచ్చింది రెండే ముక్కలు. 'ఓకే అండీ. ఆడియో వర్క్ వేరేవాళ్ళకి ఇస్తాను. హెచ్ఆర్‌కి చెప్పాల్సి ఉంటుంది.'

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వారంలో తెలుస్తుందట.

మార్చి 27

ఆఫీసుకి వెళ్ళాను, మిషన్లు పెట్టుకునే. ఎవరూ గమనించలేదు. నేను చెవిలో ఏదో ఒకటి లేకుండా వాళ్ళకి ఎప్పుడూ కనపడలేదు కదా. దీనికోసమా ఇన్నాళ్ళు ఆ బియ్యం వండుకోకుండా కూర్చున్నాను అనిపించి ఒళ్ళు మండింది.

భోజనాల దగ్గర ఎవరో ఏదో అన్నారు, బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఈ మిషన్లతో ఒకరు మాట్లాడితే తెలుస్తుంది, నలుగురు మాట్లాడితే సంతలా ఉంటుంది. "ఏమిటి?" అని అడిగాను.

"ఏం లేదు లెండి" అన్నాడు అభిజిత్.

వచ్చేసింది. రెండేళ్ళుగా దేన్ని తప్పించుకు తిరిగానో అది ఆఫీసు క్యాంటీన్‌లో, పెరుగన్నం ముందు, నా మొహం మీదే వచ్చేసింది. అతను చెడ్డగా అనలేదు. మేమూ అత్తతో చెడ్డగా అనలేదు. 'సరే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏం లేదంటే ఎట్లా? అందరూ నవ్వారుగా. నా వైపు తిరిగి చెప్పండి" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, పక్క బల్లవాళ్ళు చూశారు.

అభిజిత్ స్పూన్ పెట్టేసి నా వైపు తిరిగి, మొత్తం జోక్ మొదటి నుంచి చెప్పాడు. చాలా చెత్త జోక్. నవ్వు రాలేదని చెప్పాను. అప్పుడు అతను నవ్వాడు.

మార్చి 30, ఉగాది

సావిత్రమ్మ గారు ఓళిగలు తెచ్చింది, మన బొబ్బట్లే. నా చెవుల వంక చూసి మొహం చిట్లించింది. "పండగ పూట కూడా అవే పెట్టుకోనుండాలనా?"

చెప్పాను. మూడోసారికి చెప్పడం కాస్త అలవాటైంది.

"ఇవి మిషన్లా? మరి ఇన్ని దినాలు పెట్టుకోనుండినవి?"

"అవి ఉత్తివి ఆంటీ. పాటలు కూడా రావు."

మెట్ల మీద కూర్చుని నవ్వింది, ఓళిగల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని. "అయ్యో నీ పాసుగూల. కొవ్వు పట్టిన పిల్ల అని వీధంతా చెప్పుకోనొస్తినే నేను. నీ పప్పు మాడిన వాసన దినామూ కిందికొస్తా ఉండాది, ఈ పిల్లకి కుక్కర్ కూడా లెక్కలేదు అనుకుంటిని." తర్వాత నవ్వు ఆపి నా మోకాలి మీద చెయ్యి వేసింది. "చెప్పేదానికేమమ్మా? చెప్పింటే నేనే పైకొచ్చి తలుపు కొడతా ఉంటిని కదా."

తలుపు కొట్టినా వినపడేది కాదని అంటే, "అట్లయితే తీసుకోని లోపలికే వస్తా ఉంటిని" అంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

కె.ఆర్.పురం స్టేషన్. చీరాల పోతున్నాను, రేపు అత్త కూడిక. ఉద్యోగం ఉంది, ఆడియో పని పోయింది. మాటల కట్ట ఈ సాయంత్రానికి పూర్తి చేయాలి, 'గివ్ అవే' ఒక్కటే మిగిలింది. పోయిన డిసెంబర్‌లో ఇదే ప్లాట్‌ఫాం మీద అనౌన్స్‌మెంట్ వినపడక, మార్చిన ప్లాట్‌ఫాం తెలియక రైలు తప్పిపోయింది. ట్రాఫిక్ వల్ల అని అమ్మకి చెప్పి మర్నాడు పోయాను. ఇవాళ అనౌన్స్‌మెంట్ స్పష్టంగా వినపడింది. కన్నడంలో వచ్చింది, సగం అర్థం కాలేదు. అది వేరే సంగతి.

రైలు ఆలస్యం. ఇంక సాకు లేదు. బెంచీ మీద కూర్చుని అత్త మెసేజ్ నొక్కాను. పక్కన కూర్చున్నాయన ఉలిక్కిపడ్డాడు, అత్త గొంతు అట్లాంటిది.

"మార్తా. నేనే, అత్తని. మీ అమ్మ ఏందో నొక్కింది, మాట్లాడమంటంది. మొన్న క్రిస్మస్‌కి నువ్వు నాతో మాట్లాడినంతసేపూ నా మూతికేసే చూశావ్. అంతకుముందు కళ్ళల్లోకి చూసేదానివి. నీక్కూడా వినపడటల్లా గదంటే? మీ అమ్మని అడిగితే నోరు మూసుకోమంది. అందుకే ఇట్టా పంపిస్తన్నా. నీకు వినపడితే, ఏం కూతలే అయి అని నన్ను తిడతా రాస్తావ్. వినపడకపోతే 'సరే అత్తా' అని రాస్తావ్. నేను బతుకంతా అట్టనే సరే అన్నా గదా, నాకు తెలవదా. వినపడేవాళ్ళు అన్నిటికీ సరే అనరే అమ్మా. సరే అనమాక. గట్టిగా అడుగు. విసుక్కుంటే విసుక్కుంటారు, చచ్చినట్టు చెప్తారు."

దాని కింద నా జవాబు ఉంది. సరే అత్తా.

అత్త అది చదివింది. అత్తకి చదువు బాగా వచ్చు. చదివి మళ్ళీ మిషన్ దగ్గరికి పోయి ఉంటుంది.

పక్కాయన ఏమనుకున్నాడో, నీళ్ళ సీసా నా వైపు జరిపాడు. తాగాను. తర్వాత ఫోన్లోనే 'గివ్ అవే' కార్డు తెరిచాను. అర్థం: తనంతట తానే బయటపడు. ఉదాహరణ: 'సరే అత్తా' అని రాసి ఆమె బయటపడింది. అభిజిత్‌కి పంపాను.

వెంటనే చూశాడు. 'బాగుందండీ. కానీ ఈ అత్త ఎవరు?'

'ఏం లేదు లెండి' అని టైప్ చేశాను. దాన్ని తుడిచేసి, మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాను.